సారు చేసిన సైకిల్ చైను బండి

మా సోషల్ సారు పోయారు. చంద్లాపూర్‌లో అందరికీ తెలుసు. ఆయన దగ్గర చదువుకుని ఊళ్లు పట్టుకుపోయిన వాళ్లకోసం రాస్తున్నాను. పొలం గట్టు మీద గుండెపోటు వచ్చింది. సిద్దిపేట దవాఖానకు చేరలేదు. ఎందుకు చేరలేదో మీకు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చిందంటే సారు సంచిలోంచి తను చేసిన బండి తీసేవారు. నూనె డబ్బా రేకుతో ఒళ్లు, ముందు సీసా మూతల చక్రాలు, వెనక చక్రాల చుట్టూ పాత సైకిల్ చైను. జర్మనీ వాళ్ల హాఫ్‌ట్రాక్, అంటే సగం చైను బండి అది.

"ముందుగాల ఇది ఫిరంగులు గుంజే బండిరా. తర్వాత సిపాయిలను కూసోబెట్టనీకి చుట్టూ ఉక్కు రేకులు తొడిగిన్రు. బరువైతే పెరిగింది గని పైకప్పు పెట్టలె. పక్కకెల్లి గుండొస్తే ఆగుతది, పైకెల్లి వస్తే దేవుడే దిక్కు. రోడ్డు మీద చక్రం, బురదల చైను. రెండూ ఉంటేనే గట్టెక్కుతం."

మేం నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, "బండి మంచిదే. అది పోయిన పనే పాపపుది" అని సంచిలో పెట్టేసేవారు.

రిటైరయ్యాక మా పక్క పొలమే చేసుకున్నారు. ఊరికి తారురోడ్డు పడ్డాక దానికి ఆయనే కాపలా. దున్నేటప్పుడు ట్రాక్టర్ టైర్ల పక్కన బిగించే ఇనుప చక్రాలతో ఎవరైనా రోడ్డెక్కితే తారు చీరుకుపోతుందని ఎదురు నిలబడేవారు. "చక్రాలు ఇప్పి ఎక్కు బిడ్డా. రోడ్డు అందరిది." మా తమ్ముడు తిన్నన్ని తిట్లు ఎవరూ తినలేదు. చివరికి వాడికి రోడ్డు అంచున ఆగి చక్రాలు విప్పడమే అలవాటైంది.

ఆ రోజు వాన. అంబులెన్సు ఎక్కడో దూరంలో ఉంది. తమ్ముడు దున్నుతున్న ట్రాక్టరే ఇనుప చక్రాలతో సహా తెచ్చాడు. సారును ఒళ్లో పట్టుకుని మడ్‌గార్డు మీద కూర్చున్నాను. బురద దాటాం. తారు అంచుకు రాగానే వాడు బండి ఆపి, పానా పట్టుకుని దిగాడు.

"ఏం జేస్తున్నవ్‌రా? పోనియ్!"

"సారు ముంగట ఎట్లెక్కియ్యాలె అన్నా?"

బురద పట్టిన బోల్టు వాడికి రావడం లేదు. సారు ఏదో చెప్పబోయారు. 'పోనీ' అన్నారో, 'ఇప్పు' అన్నారో, ఇక ఎవరూ చెప్పలేరు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, తర్వాత వదిలేశారు.

తమ్ముడు అన్నం ముట్టడం లేదు. వాడిని తిడదామంటే నోరు రాదు. సారును తిట్టే నోరు నాకు లేనే లేదు. ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలియక ఏడుస్తున్నాను.

మర్నాడు వెళ్లి చూశాను. ఇనుప చక్రాల జాడ పొలంలోంచి వచ్చి రోడ్డు అంచున ఆగింది. పానా అక్కడే పడి ఉంది. తారు మీద ఒక్క గీత లేదు.