తోకకు తాడున్న సొర

నేను సముద్రాన్ని చూసింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ ఒడ్డునే నిలబడ్డాను, కుచ్చిళ్లు తడవకుండా పైకి పట్టుకుని. అలాంటిదాన్ని నాలుగేళ్లుగా నడిసముద్రంలో తిరిగే సొరచేపల్ని లెక్కబెట్టి బతుకుతున్నానంటే మా బోధన్‌లో ఎవరు నమ్ముతారు? ఏం పని చేస్తున్నవని అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటాను. ఒకసారి పెళ్లిలో విడమరిచి చెప్పాను, పంక్తి మొత్తం నవ్వింది. నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది.

నిజామాబాద్‌లో పసుపు మార్కెట్‌కు దగ్గర్లో, విత్తనాల దుకాణం పైన ఒక గది. అందులో ఆరు కంప్యూటర్లు, ఆరుగురం ఆడవాళ్లం. సముద్రంలో కొండలుంటాయి. శిఖరం కూడా పైకి తేలకుండా నీళ్లలోనే ఉంటుంది. అక్కడ మేత దొరుకుతుందని సొరలు, ట్యూనాల వంటి పెద్ద జీవాలు ఆ కొండల చుట్టూ చేరతాయి. ఓడ మీద వెళ్లినవాళ్లు అక్కడ నీళ్లలోకి కెమెరాలు వేలాడదీస్తారు. కెమెరా ముందు చిల్లుల డబ్బా, అందులో నలగ్గొట్టిన చేపలు. ఆ వాసనకు వచ్చినవన్నీ ఫిల్ములో పడతాయి. ఏది వచ్చింది, ఎన్ని వచ్చాయి, ఏ నిమిషంలో వచ్చాయి, ఇవి చూసి రాయడం మా పని. ఒక్కో ఫిల్ము రెండు గంటలు. అందులో ముప్పావు వంతు ఉత్త నీలం. ఎండాకాలంలో కిందనుంచి పసుపు ఘాటు మెట్లెక్కి వచ్చి ముక్కులో కూర్చుంటుంది. నాకు ఇప్పటికీ సముద్రమంటే ఆ వాసనే.

ఈ పని చూసే మేడమ్ విశాఖపట్నంలో ఉంటారు. సగం ఏడాది ఓడ మీదే. ఆమె మూడు రోజులు కంప్యూటర్‌లోనే కనబడి నాకు పని నేర్పారు. మిగతా అయిదుగురికి నేను నేర్పాను. ఇక్కడే నా గొప్పతనం మొదలైంది.

మా బాపు చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బళ్ల లెక్క రాసేవాడు. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచినా మా ఇంట్లో ఆ గీతలు పోలేదు. పాలవాడు వచ్చిన రోజులైనా, బాపు వేసుకున్న బీపీ మాత్రలైనా క్యాలెండర్ మీద గీతలే. నేను ఆ గేటు పక్కనే ఆడుకుంటూ పెరిగినదాన్ని. అందుకని సొరలకు కూడా గీతలే పెట్టాను. సొర వచ్చింది, ఒక గీత. పోయి మళ్లీ వచ్చింది, ఇంకో గీత. పొద్దున వచ్చిన బండి సాయంత్రం మళ్లీ వస్తే బాపు మళ్లీ రాసేవాడు కదా. రాయకపోతే రైతు కొట్టినంత పని చేసేవాడు.

మేడమ్ చెప్పిన నియమం వేరు. ఒకే క్షణంలో తెర మీద ఎక్కువలో ఎక్కువ ఎన్ని కనబడితే అన్నే రాయాలి. ఎందుకంటే పోయింది, వచ్చింది ఒకటే కావచ్చు. ఆ మాట ఆమె ట్యూనాల గుంపును చూపిస్తూ చెప్పారు. అది గుంపులకే అనుకున్నాను. సొర ఒంటరిగా వస్తుంది, దానికి ఈ తంటా ఎందుకని నాకు నేనే తీర్పు చెప్పేసుకున్నాను. అడిగితే తెలివితక్కువదాన్ని అనుకుంటారేమోనని అడగలేదు.

ప్రతి ఫిల్మునూ ఇద్దరు విడివిడిగా చూస్తారు, తర్వాత ఇద్దరి లెక్కలూ పోల్చుతారు. మా గదిలో ఎప్పుడూ కలిసేవి. కలవక ఏం చేస్తాయి, నేర్పింది నేనే కదా. "మీ గది లెక్కలంత శుభ్రంగా ఇంకెక్కడా రావడం లేదండి" అన్నారు మేడమ్ ఒకసారి. ఆ మాటను వారం రోజులు నెత్తిన పెట్టుకుని తిరిగాను.

పోయినేడు ఒక కొండ ఫిల్ములు వచ్చాయి. ఆ కొండ చుట్టూ వేల గాలాలు కట్టిన పొడుగు తాళ్ల పడవలు వేటకు అనుమతి అడుగుతున్నాయని మేడమ్ చెప్పారు. దాన్ని తేల్చే అధికారుల సమావేశం త్వరలో ఉంది. జీవాలు బాగా ఉంటే పడవలను రానిస్తారు, తగ్గిపోయి ఉంటే ఆ కొండను మూసేస్తారు. "మీ లెక్క చూస్తే కొండ కిటకిటలాడుతోందండి" అన్నారు. ఆ గొంతులో సంతోషం ఉంది. నేను కూడా ఆ కొండ నా పొలమైనట్టు మురిసిపోయాను.

ఆ వారమే బాపు కంటి ఆపరేషన్ తర్వాతి చెకప్‌కు నిజామాబాద్ వచ్చాడు. ఆస్పత్రి అయ్యాక మధ్యాహ్నం నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను అన్నం డబ్బా తెరుస్తూ, లెక్క పంపేసిన ఫిల్ముల్లో ఒకదాన్ని మళ్లీ నడిపిస్తున్నాను. కొత్త కళ్లతో బాపు తెరకేసి ముందుకు వంగాడు.

"గిది ఇందాక వచ్చిందే గదా బిడ్డా."

"ఏది బాపు?"

"గిదే. తోకకు తాడున్నది, సూడు."

ఫిల్మును వెనక్కి తిప్పాను. తోక మొదట్లో పచ్చటి తాడు, చర్మంలోకి దిగబడి, మూరెడు వెనక వేలాడుతోంది. ఎక్కడో ఏ వలనో తెంపుకుని వచ్చినట్టుంది. ఇంకా వెనక్కి తిప్పాను. మళ్లీ తాడు. ఆ ఫిల్ములో ఆ జాతి సొరకు నేను పదకొండు గీతలు పెట్టాను. పదకొండింటికీ తాడుంది. సొర అని తెలిశాక ఇక దాని ఒంటిని చూసిన పాపాన పోలేదు నేను, గీత పెట్టి మేడమ్ మెప్పు గురించి ఆలోచించుకున్నాను.

తప్పు దొరికినప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. "నువ్వు రాయలేదా, ఒక్కటే బండిని రెండుసార్లు?" అని బాపు మీదే ఎగిరాను.

బాపు తొణకలేదు. "రాసిన. బండి గదే గని చెరుకు కొత్తది. నేను రాసింది చెరుకు లెక్క బిడ్డా. దీని మీద ఏం లోడున్నది?"

బాపును బోధన్ బస్సెక్కించి వచ్చి మిగతా ఫిల్ములు తీశాను. ఇరవైకి పైగా రాసినచోట ఒకేసారి కనబడినవి రెండు. ఇంకోచోట ఒకటి. రెక్క చిరిగినది ఒకటి, మూతి మీద మచ్చ ఉన్నది ఒకటి, మా తాడు సొర. ఉన్న కొద్దిమందే ఆకలికి ఆ డబ్బా చుట్టూ తిరిగి తిరిగి వచ్చారు. నేను వాళ్లతో జాతర చేయించాను.

గది నడిపే అన్నకు చెప్పాను. మంచి మనిషే, కానీ కొత్త ఒప్పందం కోసం ఎదురుచూస్తున్నాడు. "పంపినం, అయిపోయింది చెల్లె. ఆడ సముద్రంల ఎవడు దిగి సూస్తడు?" అన్నాడు. పక్క సీటు అక్క మాక్లూర్ నుంచి వస్తుంది, ఆమె జీతం మీదే ఇల్లు నడుస్తుంది. ఆమె నన్నేమీ అనలేదు. "నువ్వు నేర్పినట్టే రాసినం గదా" అంది, అంతే. ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక్కడ నిజం రాయాలి. నేను వెంటనే మేడమ్‌కు ఫోన్ చెయ్యలేదు. రెండు రోజులు ఆగాను. ఆరుగురి పని పోతుందని ఆగానని ఎవరైనా అడిగితే చెప్పుకోవచ్చు. నిజానికి నా పరువు కోసం ఆగాను. శుభ్రమైన లెక్కల మనిషినని పేరు తెచ్చుకుని, బళ్లు లెక్కబెట్టినట్టు సొరల్ని లెక్కబెట్టానని ఏ ముఖంతో చెప్పను? మూడో రోజు పొద్దున దుకాణం మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను.

మేడమ్ అంతా విన్నారు.

"సమావేశానికి నివేదిక నిన్న వెళ్లిపోయిందండి" అన్నారు. తర్వాత, "మొన్న చెప్పి ఉంటే ఆపేదాన్ని" అన్నారు.

ఆమె గొంతు పెంచలేదు. ఫిల్ములన్నీ మళ్లీ చూడమన్నారు. ఆరుగురం తొమ్మిది రోజులు చూసి కొత్త పట్టిక పంపాం. అది చేరేసరికి సమావేశం దగ్గరపడింది. పాత అంకెనే చదివారట, మాది వెనక కాగితంగా జతచేశారట. పడవలకు ఒక్క సీజను అనుమతి దొరికింది. మళ్లీ సర్వే చేశాక చూద్దామన్నారట. మా పని మాత్రం పోలేదు. మీకు ఈ తప్పు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, మీరే చెయ్యండి అన్నారు మేడమ్. తిట్టి తీసేసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ రెండు రోజుల సంగతి బాపుకు చెప్పలేదు. ఆయనకు ఆ సొర మీద మనసు పడింది. గేటు దగ్గర ఎడ్లను కొమ్ముల రంగును బట్టి గుర్తుపెట్టుకున్న మనిషి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, "నీ తాడు సొర మల్ల వచ్చిందా?" అని అడిగేవాడు. అక్కడి ఫిల్ములు ఇంకా రాలేదని చెప్పేదాన్ని.

ఈ ఏడు వచ్చాయి. అదే కొండ, అదే చోటు. వాటిని ఇంకెవరికీ ఇవ్వకుండా నేనే తీసుకున్నాను. డబ్బా ఊగుతోంది. చిన్న చేపలు వచ్చి పొడుచుకుని పోతున్నాయి. తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, రెప్ప వేస్తే ఎక్కడ తప్పిపోతుందోనని చూశాను. ఒక ఫిల్ము, రెండో ఫిల్ము, అలా చివరిదాకా. అన్నింటికీ సొరల గడిలో సున్నా పెట్టాను. అది చచ్చిందో, వేరే కొండకు పోయిందో ఫిల్ము చెప్పదు. నియమం ప్రకారం మాక్లూర్ అక్క నా కాగితం చూడకుండా మళ్లీ మొదటినుంచి చూసింది. ఇద్దరి లెక్కా కలిసింది.

ఆదివారం బాపు ఫోన్ చేశాడు. ఈసారి ఫిల్ములు రాలేదని చెప్పలేకపోయాను.

"ఫిల్ములొచ్చినయ్ బాపు. అది రాలేదు."

ఆయన, "తాడు ఊడిపోయుంటది బిడ్డా. నువ్వే ఆనవాలు పట్టకపోయుంటవ్. మంచిదే గదా" అన్నాడు.

అవును బాపు అన్నాను. తాడు లేనిది కూడా ఒక్కటీ రాలేదని ఆయనకు చెప్పలేదు.