చల్లగోలెం

1998 ఏప్రిల్ 23, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఆ సమయానికి నేను మా వంటపాకలో అత్తగారి ఎదురుగా కూర్చుని, ఆమె తీసి అందిస్తున్న పూతరేకులను పళ్ళెంలో పేరుస్తున్నాను. గడియారం చూడడానికి కారణం మంట కాదు. ఒంటిగంటకు రావులపాలెం నుంచి సరుకు కోసం మనిషి రావలసి ఉంది. పొగ మా పొయ్యిది కాదని మొదట గుర్తుపట్టింది అత్తగారే.

"ఇది కొబ్బరాకు పొగ కాదే, తాటాకు పొగ" అంటూ ఆమె లేచారు.

కొత్తపేటకు దగ్గరలోని మా ఊళ్ళో, మా వీధిలో ఇరవై నాలుగు ఇళ్ళు రెండు వరసలుగా ఉండేవి. తొంభై ఆరు తుఫానుకు పెంకులు పోయినవాళ్ళు కూడా అప్పటికి తాటాకే కప్పుకుని ఉన్నారు. పడమటి వరస వెనక ఒక బూడిద గుట్ట ఉండేది. అందరూ పొయ్యిలోని బూడిదను ఎత్తి అక్కడే పోసేవారు. అంట్లు తోమడానికైనా, కొబ్బరి మొక్కల మొదట్లో వేయడానికైనా అక్కడినుంచే తెచ్చుకునేవారు. ఆ రోజు వడగాలికి గుట్టలో దాగిన నిప్పు రేగి పక్క కప్పును అంటుకుంది. అది ఎవరి పొయ్యిలోని నిప్పో తరువాత ఎవరూ తేల్చలేకపోయారు. గుట్టలో అందరి బూడిదా ఉంది.

ఫైరింజను ఒకటిన్నరకు వచ్చింది. వేసవి మరమ్మతులకని కాలువల నీళ్ళు కట్టేసి అప్పటికి పది రోజులైంది. ఇంజనులోని నీళ్ళు అయిపోయాక, చేపల చెరువు నుంచి గొట్టం వేయవలసి వచ్చింది. అప్పటికే పదకొండు కప్పులు అంటుకున్నాయి. మా ఇల్లు పన్నెండవది. ఫైర్‌మన్లు పొడవాటి కొక్కేలతో మా వంటపాకను కూలదోసి మధ్యలో ఖాళీ చేశారు. మంట అక్కడితో ఆగింది. మనుషులకు ఏమీ కాలేదు. కట్టు విప్పడానికి వీలుకాక ఒక పెయ్యదూడ పోయింది. అత్తగారు మాత్రం రేకుల కుండను తడి గోనెలో చుట్టి చంకన పెట్టుకుని, పాక కూలుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డారు.

పూతరేకులు తినేవారందరికీ ఆ కుండ సంగతి తెలియకపోవచ్చు. వెడల్పాటి కుండను పొయ్యి మీద బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతాము. పాలలా పలచగా రుబ్బిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిస్తే, గుడ్డ దాటగానే రేకు సిద్ధం. కుండ కొత్తదైతే రేకు రాదు. ఏళ్ళ తరబడి నూనె తాగి నునుపు తేలాలి. అత్తగారి కుండ వయసు అప్పటికి పదకొండేళ్ళు. మా వీధిలో అలాంటి పొయ్యిలు ఏడు ఉండేవి. మావారు రైసుమిల్లులో గుమాస్తా. ఆయన జీతం కంటే మా పొయ్యి సంపాదనే ఎక్కువ.

ఏప్రిల్ 25, శనివారం పంచాయతీలో రెండు నిర్ణయాలు జరిగాయి. వానలు పడేదాకా పగలు పది నుంచి అయిదు వరకు ఊళ్ళో ఏ పొయ్యీ వెలగకూడదన్నది మొదటిది. అది న్యాయమే. రెండవది మా మీద పడింది. రేకుల పొయ్యిలు వానల దాకా అసలు వెలిగించకూడదు, ఆ తరువాత వాటిని ఊరవతలకు మార్చాలా వద్దా అన్నది మే పదో తేదీన తేలుస్తారు. మంట మా పొయ్యిల వల్ల వచ్చిందని ఎవరూ అనలేదు. కానీ రోజంతా కనిపించే మంట మాదే. ఊరవతల బయలు గాలికి రేకు చేతిలోకి రాకముందే చిరుగుతుంది. పిల్లలను, వంటను వదిలి అంత దూరం వెళ్ళగలవాళ్ళు మాలో ఎవరూ లేరు. పొయ్యి ఊరు దాటిందంటే ఏడిళ్ళకు పని పోయినట్టే.

ఏప్రిల్ 29న ఫైరాఫీసు జీపు మైకుతో వచ్చింది. మంటకు వారం ముందు అగ్నిమాపక వారోత్సవాలని వాళ్ళే వచ్చి కరపత్రాలు పంచి వెళ్ళారు. అప్పుడు నాకిచ్చిన కాగితంలో నేను యాలకులు పొట్లం కట్టాను. ఈసారి బడి ఆవరణలో ఊరంతా కూర్చుంది. వచ్చిన ముగ్గురు ఫైర్‌మన్లలో పై ఉద్యోగి రాజోలు వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, గట్టి గొంతు. గ్యాసు బండకు మంట పెట్టి తడి గోనెతో మూసి చూపించారు. చీరకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదని, నేల మీద దొర్లాలని తన కింది ఫైర్‌మన్ చేత దొర్లించి చూపించారు. అందరూ నవ్వారు, నేర్చుకున్నారు కూడా. చివరకు ఆయన అసలు సంగతికి వచ్చారు. వంట కాగానే పొయ్యి ఆర్పేయాలి, ఆర్పడమంటే చెంబుడు నీళ్ళు పొయ్యిలో పోయడమే అన్నారు.

ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయన మళ్ళీ అడిగితే ఒకరిద్దరు "ఆయ్, అలాగేనండి" అన్నారు. ఆ "ఆయ్" అన్న తీరులో ఒప్పుకోలు లేదని మా ఊరివాళ్ళకు తెలుసు, ఆయనకు తెలియలేదు.

మే 7, గురువారం ఆయన ఒక్కరే తనిఖీకి వచ్చి కాలకుండా మిగిలిన ఇళ్ళలో ఆరు చూశారు. ఆరింటా బూడిద పొడిగానే ఉంది. మా ఇంటికి వచ్చేసరికి ముఖం ఎర్రబడి ఉంది. కూలిన పాక స్థానంలో వేసుకున్న పందిరి కింద అత్తగారు ఆయనకు పీట వేసి మంచినీళ్ళు ఇచ్చారు.

"అంత గొంతు చించుకుని చెప్పేను మామ్మగారూ. ఒక్కరూ నీళ్ళు పొయ్యలేదేంటండీ?"

"మా పొయ్యిలో నీళ్ళు పోసింది ఒక్కసారే బాబూ. మావారు పోయిన రోజు. మళ్ళీ ఆ చేత్తో పొయ్యమంటే ఎలా పోస్తాను?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. అత్తగారు కోపంగా చెప్పలేదు, వివరంగా చెప్పారు. మా ఇళ్ళల్లో దీపాన్ని ఆర్పము, కొండెక్కిస్తాము. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. పొయ్యి లక్ష్మి, దాని దగ్గర ఆర్పడమన్న మాటే అనకూడదు. మైకులో ఆ మాట అన్ని సార్లు వినబడితే ఆడవాళ్ళు మనసులో చెంపలు వేసుకుంటూ కూర్చున్నారు తప్ప, ఆయన చెప్పింది వినలేదు.

"మా ఉద్యోగమే అది కదండీ. ఆర్పడం అనకపోతే మరేమనాలి?"

అత్తగారు ఖాళీ గ్లాసు అందుకున్నారు. "పాలు పొంగితే ఏం చేస్తామండీ? నీళ్ళు చిలకరించి చల్లబెడతాం. చల్లబెట్టమనండి. చల్లగా ఉండమంటే కాదనేవాళ్ళెవరుంటారు?"

మాట దొరికింది, పద్ధతి ఇంకా దొరకలేదు. పొయ్యిలో నీళ్ళు పోయడానికి అత్తగారు ఒప్పుకోలేదు. ఆయన బూడిదను పొడిగా వదలడానికి ఒప్పుకోలేదు. ఇద్దరూ బేరమాడినట్టు వాదించుకున్నారు. పెరట్లో పశువులకు కుడితి పెట్టే పాత గోలెం ఒకటి ఉంది, అంచు పగిలినందువల్ల పక్కన పెట్టాము. అత్తగారు దానికేసి చూశారు. నిప్పు మీద నీళ్ళు పోయకుండా, నీళ్ళలోకే బూడిదను దించితే దోషం లేదన్నారు. ఆయన లేచి, గోలెంలో సగానికి నీళ్ళు పోయించి, పొడవాటి ఇనపరేకు చేటతో కొంచెం కొంచెంగా ఎలా జారవిడవాలో, ఆవిరి ముఖానికి కొట్టకుండా ఎంత దూరం నిలబడాలో చూపించారు. ఒక్కసారిగా కుమ్మరించకూడదని నాలుగు సార్లు చెప్పారు. తడి బూడిదను మరునాడు ఎండబెట్టి అంట్లకు వాడుకోవచ్చని నేను చెబితే, ఆ మాట కూడా జనానికి చెబుతానన్నారు.

గ్యాసు పొయ్యి మీద రేకులు చేయకూడదా అని ఆయన ఆ రోజే అడిగారు. గ్యాసు మంట కుండ నడినెత్తినే కాలుస్తుంది, కొబ్బరాకు మంట కడుపంతా నాకుతుంది, అందుకే రేకు సమంగా వస్తుందని అత్తగారు చెప్పారు. ఆయనకు నమ్మకం కలగలేదు. వెలిగించడానికి మాకు అనుమతి లేదు కనుక, తన ఎదుట, తన పూచీ మీద ఒక్క పావుగంట వెలిగించమన్నారు. రేకు తానే తీస్తానని కూర్చున్నారు. మొదటిది చిరిగింది. రెండోది కుండకే అంటుకుపోయింది. మూడోదానికి వేలు కాలింది.

"చూసేరా, ఇన్నేళ్ళలో కాలని చెయ్యి మీ ఇంట్లో కాలిందండీ."

"ఇంకో పదకొండేళ్ళు రండి బాబూ, వస్తుంది" అన్నారు అత్తగారు.

కానీ ఆ పావుగంటలో ఆయన చూడవలసినవి చూశారు. ప్రమాదం కుండ దగ్గర లేదు. పక్కనే కప్పు దాకా పేర్చిన ఎండాకుల మోపులో, తల మీది తాటాకులో, ఎత్తి పారేసే బూడిదలో ఉంది. మే పదో తేదీన పంచాయతీకి వచ్చి ఆ మూడూ ఆయనే చెప్పారు. ఆకు బయట ఉండాలి, రోజుకు సరిపడా బుట్టెడే లోపలికి రావాలి. బూడిద గోలెంలోకి దిగాలి. కప్పు కాలనిది కావాలి. ఏడు పొయ్యిలకూ ఊళ్ళోనే ఒక చోట సిమెంటు రేకుల షెడ్డు వేస్తే తాను కాగితం మీద ఒప్పుకుంటానన్నారు.

ఆ రోజుల్లో ఇలాంటి పనులకు ఊరు ఒక వంతు వేసుకుంటే ప్రభుత్వం రెండు వంతులు ఇచ్చే పద్ధతి ఉండేది. షెడ్డు అంచనా నలభై ఎనిమిది వేలు, ఊరి వంతు పదహారు వేలు. సర్పంచి గారు ఆలోచిస్తూ ఉండగానే, ఇల్లు కాలినవాళ్ళలో ఒకాయన, పెయ్యదూడను పోగొట్టుకున్న మనిషి, లేచి నిలబడ్డారు.

"మా నెత్తి మీద ఆకాశముందండి. వీళ్ళ రేకులకి రేకులు కావాలా?"

కొందరు నవ్వారు. ఆయన నవ్వించడానికి అనలేదు. ఆ మాటలో తప్పు లేదు. అత్తగారు కూర్చున్నచోటి నుంచే అన్నారు: "ముందు ఇళ్ళేనండి. మాది ఆ తరవాతే. పొయ్యి ఊరు దాటదన్న మాట మాత్రం ఈవేళ రాయించండి." సర్పంచి గారు అలాగే రాయించారు.

ముందు ఇళ్ళేనన్న ఆ మాట వల్ల, వానల దాకా పొయ్యి వెలగక, మాకు ఒక పెళ్ళిళ్ళ కాలం పూర్తిగా పోయింది. ఒప్పుకున్న ఆర్డర్లు తొమ్మిది, అన్నీ వెనక్కి ఇచ్చేశాము. వానలు పడ్డాక ఇళ్ళల్లోనే, ఆకు బయట పెట్టి, గోలెం పక్కన పెట్టుకుని పొయ్యిలు మళ్ళీ వెలిగించాము. ఆ నష్టాన్ని తట్టుకోలేక మా ఏడుగురిలో ఒకామె జూలైలో పని కోసం కువైట్ వెళ్ళిపోయారు. షెడ్డు కోసం ఏడుగురం తలా వెయ్యి జమచేసి ఉన్నాము. ఆమె వెళుతూ తన వెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ వేసవంతా ఫైరాఫీసు జీపు చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త మాటతో తిరిగింది. ప్రతి ఇంటా ఒక చల్లగోలెం పెట్టుకోండి, పొయ్యి చల్లబెట్టండి అని. మా వైపు చల్ల అంటే మజ్జిగ కూడా. ఒక ఊళ్ళో ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని జీపు దగ్గరకు వచ్చి, ఉప్పు వేసేరా అని అడిగారట. ఆ సంగతి ఫైర్‌మన్ గారే మా ఇంటికి వచ్చి చెప్పారు. అత్తగారు అంతగా నవ్వడం నేను ఆ ఏడాదిలో అదే మొదటిసారి చూశాను.

పదకొండు ఇళ్ళకూ నవంబరు నాటికి పక్కా కప్పులు పడ్డాయి. ఆ తరువాత షెడ్డు పని మొదలైంది. మా ఏడు వేలు పోగా ఊరి వంతులో తొమ్మిది వేలు మిగిలాయి. ఆ మొత్తాన్ని శ్రమగా లెక్కగట్టారు. పునాది తవ్విన మొదటి రోజు ఇసుక మోయడానికి వచ్చినవాళ్ళలో, ఆ రోజు పంచాయతీలో లేచి నిలబడ్డాయన ఉన్నారు. ఎవరూ పిలవలేదు. అత్తగారు ఆయనకు టీ ఇస్తూ, "రేకులకి రేకులు వేస్తున్నారా అన్నయ్యగారూ?" అన్నారు. ఆయన "వెయ్యాలి కదండీ మరి" అని గంప ఎత్తుకున్నారు.

1999 ఫిబ్రవరి 22, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు షెడ్డులో మొదటి పొయ్యి వెలిగింది. ఫైర్‌మన్ గారు వచ్చి ఆకుల మోపు దూరాన్ని తాడుతో కొలిచి, ఒక మోపును రెండు బారలు వెనక్కి జరిపించి, అప్పుడు గాని కూర్చోలేదు. మళ్ళీ రేకు తీయడానికి ప్రయత్నించారు. చిరిగింది, కానీ సగం నిలిచింది. ఆ సగాన్ని బెల్లంతో మడిచి అత్తగారు ఆయనకే పెట్టారు.

పోయినవి: పదకొండు ఇళ్ళ కప్పులు, ఒక పెయ్యదూడ, మా వంటపాక, తొమ్మిది ఆర్డర్లు, ఏడు పొయ్యిల్లో ఒకటి.

మిగిలినవి: ఆరు పొయ్యిలు, ఒక షెడ్డు, అత్తగారి కుండ. 2008 వేసవి నాటికి మా వీధిలో నేను తిరిగి లెక్కపెట్టిన చల్లగోలేలు ఇరవై రెండు. మిగతా రెండిళ్ళవాళ్ళు అప్పటికి పూర్తిగా గ్యాసుకు మారారు.