సుశీలాబాయి తెల్ల రిపోర్టులు

కొన్ని పూటల్లో ప్రింటరు ఊరికే కూర్చుంటే సుశీలాబాయి సహించలేకపోయేది. ముంబై దగ్గరి భివండీలో, తెలుగు నేతవాళ్లుండే కనేరి గల్లీలో ఉన్న ఆ చిన్న దవాఖానకు ఆమె పెద్ద సిస్టరు. ఇంజక్షనిచ్చి వచ్చి ఒక ప్రింటు, సెలైను పెట్టి వచ్చి ఇంకో ప్రింటు. అప్పటికింకా అక్కడ పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే ఉండేది. అది కాగితాన్ని కొడుతుంటే వార్డంతా దడదడలాడేది.

ఆమె చేతికింద పనిచేసే మల్లిక తల పట్టుకునేది.

"ఎవరి రిపోర్టక్కా?"

"అందరిది."

"ఇంతకుముందే కొట్టినవు గదా!"

"గది పొద్దటి జ్వరం. ఇది ఇప్పటి జ్వరం."

ఒకరోజు మల్లిక ఉండబట్టలేక ఆ రిపోర్టు తీసి చూసింది. జ్వరమూ లేదు, రోగీ లేడు. కాగితం మల్లెపూవులా తెల్లగా ఉంది. తిప్పి చూసింది. అటూ అంతే.

"అక్కా, ఇండ్ల ఏం లేదు!"

"ఏం లేదంటే మంచిదే గదనే. రోగం లేనట్టు."

అంతకంటే వింత ఇంకొకటుంది. ఆ గల్లీనిండా సాంచాలు, అదే మరమగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ సుశీలాబాయి కంప్యూటరు జోలికే పోదు. కరెంటు పోయి సాంచాలు ఆగాయా, దవాఖాన జనరేటరు మీద ఈమె రిపోర్టులు మొదలు. ఇక శుక్రవారం సాంచాలకు సెలవు. ఆ రోజు ఆమెకు పట్టపగ్గాలుండవు. అక్కకు పిచ్చి పట్టిందనీ, అది వారానికోసారి ముదురుతోందనీ మల్లిక తీర్మానించేసుకుంది.

ఆ పిచ్చిని కొలవడానికే అన్నట్టు ప్రాజక్త వచ్చింది. నర్సింగులో పెద్ద చదువు చదువుతున్న పిల్ల. పేరు మరాఠీదే గాని మన నేతవాళ్ల బిడ్డే. నర్సులు తమ పనిలో కంప్యూటరును ఎంత వాడుతున్నారు, దేనికి వాడుతున్నారు అని కొలిచి మార్కులు వేయడం ఆమె ప్రాజెక్టు.

"అత్తా, కంప్యూటర్‌చీ భీతి వాటతే కా? అదే, భయమైతదా?"

"నాకెందుకు? దానికే నేనంటే భయం."

"దేనికి వాడుతరు? రాయనీకా, ఎతకనీకా?"

"పేషెంట్ల బాగు కోసం," అంది సుశీలాబాయి కన్నార్పకుండా.

ప్రాజక్త మురిసిపోయింది. పైగా కంప్యూటరులోని లెక్క చూస్తే, దవాఖానలో మిగతా అందరూ కలిసి కొట్టిన ప్రింట్లు సుశీలాబాయి ముందు దిగదుడుపే. మార్కుల్లో ఆమెదే మొదటి స్థానం. మల్లికకు వచ్చిన మార్కుల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

దవాఖాన నడిపే డాక్టర్ భూషణ్ ఆనందానికి అంతులేదు. "సిస్టర్, మీకు ఇనాం! కొత్త ప్రింటర్ మంగాయిస్తున్న. జర్ర కూడ ఆవాజ్ రాదు, చప్పుడే ఉండది. ఈ డబ్బాను పాత సామాన్ల భంగారోనికిద్దాం."

సుశీలాబాయి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ఆవాజ్ రానిదెందుకు సార్? నడుస్తున్నదో లేదో ఎట్ల ఎరుకైతది?"

"కాగితం చూస్తే ఎరుకైతది గదా."

మల్లిక కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. సుశీలాబాయి మాత్రం ఆ వారమంతా డాక్టరు వెంట పడింది. ఇనాం వద్దంది, మల్లికకిమ్మంది, ఆఖరికి పాతదాన్ని తన ఇంటికి మోసుకుపోతానంది. ఆయన వినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త ప్రింటరు దిగింది. పాతదాని వైర్లు పీకి పక్కకు జరిపారు. పాత సామాను కొనే భంగారువాడు గుమ్మంలో నిలబడ్డాడు. గల్లీలో సాంచాలు బంద్. కొత్త ప్రింటరు పిల్లి పాలు తాగినంత గుట్టుగా ఒక కాగితం బయటికి పంపింది. అందరూ చప్పట్లు కొట్టబోయారు.

అంతలో వార్డులో మంచం కిర్రుమంది. సాంచాల మీద కూలి చేసే యాదయ్య, కడుపు ఆపరేషనై కుట్లింకా పచ్చిగా ఉన్నవాడు, లేచి కూర్చున్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. సెలైను గొట్టాన్ని వేళ్లతో తడిమి, దానికి ముడి వేయబోతున్నాడు.

"పోగు తెగింది... సాంచా ఆగింది... శేట్ వస్తడు..." అంటూ కాలు కింద పెట్టబోయాడు.

సుశీలాబాయి ఒక్క దూకున వెళ్లి భుజాలు పట్టుకుంది. "మల్లికా! పాతది చాలూ చెయ్యి! జల్దీ!"

ఎందుకో అర్థం కాకపోయినా మల్లిక వైర్లు గుచ్చి ప్రింటు నొక్కింది. దడదడదడమని పాతది అందుకుంది. యాదయ్య గొట్టం వదిలేశాడు. "హా, నడుస్తున్నది," అని గొణిగి, వెనక్కి వాలి, గురక మొదలుపెట్టాడు.

"సాంచా చప్పుడుంటెనే వీళ్లకు నిద్ర," అంది సుశీలాబాయి అతని దుప్పటి సర్దుతూ. "ఆగిందంటే పోగు తెగినట్టే. కుట్లు తెంపుకొని మరీ లేస్తరు. తెల్లారి అడిగితే యాదికుండది. చెప్తే సిగ్గుపడ్తరు. గందుకే రిపోర్టన్న."

ప్రాజక్త కాగితం చేతిలోకి తీసుకుంది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

"మరి రిబ్బన్ ఏది అత్తా?"

"తీసి దాచిన. నిద్రకు సిరా ఎందుకు? కాగితం ఖరాబైతది."

మల్లికకు ఆమెను తిట్టాలో కావలించుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ పిచ్చి అనుకున్నదాని మీద ఇప్పుడు చచ్చేంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఇప్పుడు నేనిది ఏ గడిల రాయాలె? రాయనీకి అనా, ఎతకనీకి అనా?" అంది ప్రాజక్త దిక్కుతోచక.

"సార్ చెప్తడు తియ్యి," అంది సుశీలాబాయి బెరుకుగా.

అందరూ డాక్టరు వైపు తిరిగారు. కంప్యూటరు ఉన్నది ఎందుకో గట్టిగా చెప్పాలని ఆయన స్టూలు లాక్కుని మరీ కూర్చున్నాడు. సాంచాల కార్ఖానా మీది గదిలో పుట్టి, అక్కడే ఊయల ఊగిన మనిషి. ప్రింటరు దడదడలాడుతూనే ఉంది.

"సిస్టర్, గిట్ల..." అన్నాడు.

తర్వాతి మాట రాసుకోవడానికి ప్రాజక్త పెన్ను ఎత్తింది. అది రాలేదు. ఆయన తల మెల్లగా గోడకు ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది.

ప్రాజక్త ఫక్కున నవ్వబోతే సుశీలాబాయి పెదవుల మీద వేలు పెట్టి ఆపింది. గుమ్మంలోని భంగారువాడికి చెయ్యి ఊపింది.

"నువ్వు పోయిరా నాయనా. సార్ పండుకున్నడు," అని గుసగుసగా చెప్పి, అదే తెల్ల కాగితాన్ని మళ్లీ పాత ప్రింటరులో పెట్టింది.