ఎగుమతులు పడిపోయాయని రసగుల్లాలు

ఏ దేశం ఎప్పుడు చతికిలబడుతుందో ముందే పసిగట్టడం న్యూ టౌన్‌లో మా ఆఫీసు పని. జోస్యం ఫలించినవాళ్లు మిఠాయి పంచాలి. మన ఎగుమతులు పడిపోతాయని నేను ఎప్పుడో రాశాను, ఈ రోజు లెక్కలు అలాగే వచ్చాయి. రసగుల్లాలు పంచాను. "ఇలాగే పడుతూ ఉండాలి!" అన్నాడు మా బాస్.

మిగిలినవి ఇంటికి తెచ్చాను. ఓడలు రాక, డాక్‌లో పని పోయి ఇంట్లో కూర్చున్న బాబాయి ఒకటి నోట్లో వేసుకుని, "ఏటమ్మా శుభవార్త?" అన్నాడు. చెప్పాను.

"ముందే తెలుసా? ఓ మాట సెప్పనేదేటమ్మా, ఇంకో పని సూసుకుందును!"

"మా నివేదికలు చందా కట్టినవాళ్లకే బాబాయ్" అన్నాను.

నోట్లోది చేతిలోకి ఉమ్మేసి లేచిపోయాడు. డబ్బాలో ఇంకా ఉన్నాయి. మీలో ఎవరికి కావాలి?