తవుడు పోసి చుట్టిన బీడీలు

నా చిన్నప్పుడు మా అమ్మ మంచం పట్టేనాటికి నేను మూడో తరగతిలో ఉన్నాను. నిజామాబాద్ వైపు మా ఊళ్లో ఆడవాళ్ల బతుకంతా బీడీలే. బీడీల కార్ఖానాలో అమ్మ పేరున ఒక పని కార్డు ఉండేది. చుట్టిన బీడీ కట్టలు అందకపోతే ఆ కార్డు కొట్టేస్తారు, మా పొయ్యి ఆరిపోతుంది. అందుకని నా బడి ఆగింది. పొగాకు పోసుకుని బీడీలు చుట్టే చాట ఒళ్లోకి వచ్చింది.

నేను చుట్టినవి చుట్టినట్టే కార్ఖానాలో విరిచి పారేసేవారు. ఒకదానికి నడుము లావు, ఇంకొకదానికి మూతి విచ్చుకునేది. మా మేనత్త కట్టలు మాత్రం ఒక్కటీ తిరిగి వచ్చేవి కావు. ఆమె చాటలో అదృష్టం ఉందని వాడకట్టంతా అనుకునేది. నేనూ నమ్మి, ఆ చాట ఇమ్మని ఏడుస్తూ వెళ్లి అడిగాను.

"ఇస్త కోడలా. కానీ నెల దాక దాంట్ల తంబాకు పోయొద్దు. తవుడు పోసి చుట్టు, విప్పు, మల్ల చుట్టు. లేకుంటె దాని అదృష్టం చెడ్తది," అంది అత్త. ఆ నెల అమ్మ కట్టలు కూడా తనే చుట్టి పంపింది.

చినిగిన ఆకుల్లో తవుడు చుట్టీ చుట్టీ నా వేళ్లు పగిలాయి. అన్నం కలిపితే కారం మండేది. నెల దాటాక తంబాకు పోసి చుట్టిన నా కట్టలు కార్ఖానాలో నిలిచాయి. చాట తిరిగి ఇవ్వబోతే అత్త తీసుకోలేదు.

"నువ్వడిగిన నాడే అంగడిల కొన్నదే అది. నా చాట ఇగో, నా ఒళ్లెనే ఉన్నది."

కట్టలు నిలిస్తే అమ్మ కూడా లేచి కూర్చుంటుందనుకున్నాను. కార్డు నిలిచింది, అమ్మ నిలవలేదు. అమ్మ పోయిన పదకొండో రోజున అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "పని నేర్సుకుంటె చేతికొస్తది బిడ్డా. పాణం చేతిల ఉండదు," అంది.

ఇప్పుడు ఖతార్‌లో, దోహా ఊళ్లోని అల్ ముంతజాలో నా కొడుకు దగ్గర ఉంటున్నాను. కూతురి కొడుకు మెసయీద్‌లోని కూలీల క్యాంపు నుంచి శుక్రవారాలు వస్తాడు. పెళ్లయి బిడ్డ ఉన్నవాడు. వెల్డింగ్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది.

"నాకు లక్ మాఫీ అమ్మమ్మా, అరబ్బోళ్లన్నట్టు, లేనే లేదు. కష్టపడితె లక్ అదే వస్తదంటడు మా ఫోర్‌మన్. యాడికెళ్లి వస్తది?"

"డ్యూటీ అయినంక దినాం ఎన్ని అతుకులు ఏస్తున్నవ్?"

"అప్పటికి పాణం ఒప్పుతలేదు."

"ఒప్పకున్నా ఏయాలె. పారేసిన ఇనుప ముక్కలు అడుక్కో. అతుకు, కోసి చూడు, మల్ల అతుకు."

"అంత చేసినంక కూడ ఫెయిలైతె?"

అదృష్టం వస్తుందని నేను చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

"అయితె అయితవ్. పనొచ్చినోడివై ఇంటికి పోతవ్," అన్నాను.

వాడికి ఆ మాట చాలలేదని తెలుసు. అమ్మ పోయిన నాటి నుంచి నా దగ్గరున్న ధైర్యం అంతే.