ఫినాయిలు సీసా మీది ఆకు

బాబాయి చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని వెనక్కి తిప్పుతాడు. పెళ్ళి కార్డు ఇస్తే పెళ్ళికూతురి పేరు చూడక ముందే ఏ ప్రెస్సులో వేశారో చూస్తాడు. చొక్కా కొనిస్తే కాలరు వెనక చీటీ చదివాకే తొడుక్కుంటాడు. ముప్పై ఏళ్ళు లేబుళ్ళు అచ్చువేసిన చెయ్యి మరి, ఊరికే ఉండలేదు.

ప్రెస్సు మానేశాక ఆయన మకాం అన్న కూతురి మందుల షాపుకి మారింది. కౌంటరు పక్కన స్టూలు, జేబులో భూతద్దం. విటమిను సీసా కోసం ఎవరొచ్చినా సరే, సొంత కూతురిలాంటి ఆ అమ్మాయి సీసా పొట్లం కట్టేలోపే ఆయన గొంతు లేచేది.

"ఓసారి వెనక్కి తిప్పండి."

"తిప్పేదేముందండీ? 'సహజం' అని ముందే రాశారుగా. పచ్చటి ఆకు కూడా ఉంది," అన్నాడు ఓ రోజు బ్యాంకు గుమాస్తా.

"ఆ ఆకు నేను వేసిందే!" బాబాయి ఛాతీ ఉప్పొంగింది. "మా ప్రెస్సులో ఉన్నది ఒకటే ఆకు. సబ్బుకీ అదే, తలనూనెకీ అదే. ఓసారి హడావిడిలో ఫినాయిలుకీ వేసేశాం. దాని అమ్మకాలు రెండింతలయ్యాయి!"

గుమాస్తా గబుక్కున సీసా తిప్పాడు. కమలాపండు పొడి చిటికెడు, మిగతా సి విటమినంతా ఫ్యాక్టరీది.

"అయితే ఇది మోసమా?"

"అబ్బే! ఎక్కడ తయారైనా సి విటమిను సి విటమినే. ఒంటికి తేడా తెలీదు. ఆకు బొమ్మకి ఎక్కువ డబ్బివ్వడమెందుకని! ఆ పక్కన సాదా సీసా ఉంది చూడండి."

అమ్మాయి తల పట్టుకుంది. "బాబాయ్, ఈ షాపు నాదా, నీదా?"

"నీదే తల్లీ. స్టూలొక్కటే నాది."

ఇంతలో ఓ విటమిన్ల కంపెనీ ఏజెంటు వచ్చాడు. షాపుకి అద్దాల అల్మారా ఊరికే ఇస్తానన్నాడు, లోపల లైట్లతో సహా. ఎన్నాళ్ళనుంచో ఆమె ఆశపడుతున్నది అలాంటి అల్మారా కోసమే.

"కాకపోతే ఆ స్టూలున్న చోటే పెట్టాలండి. పెద్దాయన్ని కాస్త ఇంట్లో విశ్రాంతి తీసుకోమనండి."

రెండు రోజులు ఆమెకి తిండి సహించలేదు. చెబితే ఆయన మనసు విరుగుతుంది, చెప్పకపోతే అల్మారా పోతుంది. మూడోరోజు పొద్దున, ఆమె జవాబు కోసం చూడకుండా, బాబాయి రాకముందే ఏజెంటు అల్మారా దింపించేశాడు. దాని వెనకే వీధి చివరి టైలరమ్మ వచ్చింది.

"చదివే ఆయనేరమ్మా? మా డాక్టరుగారు ఆయనకి థాంక్స్ చెప్పమన్నారు."

"దేనికండీ?"

"పోయిన నెల ఇక్కడ ఆకుపొడి బిళ్ళలు కొన్నానా? ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికొచ్చారు. 'ఇందులో కె విటమిను ఎక్కువ, మీరు రక్తం పలచబడ్డానికి వేసుకునే మాత్రల్ని పని చేయనివ్వదు, డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి' అన్నారు. షాపులో ఉండి చూసుకోవాల్సింది తానేనని, తప్పంతా తనదేనని ఎంత నొచ్చుకున్నారో పాపం!"

అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సీసా ఇచ్చింది తనే. ఆ రోజు బాబాయి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చాక, "నువ్వు లేకపోతే బేరం ఎంత చక్కగా సాగిందో తెలుసా? టైలరమ్మ మారుమాట్లాడకుండా ఆకుపొడి బిళ్ళలు పట్టుకెళ్ళింది," అని గొప్పలు కూడా పోయింది. ఆయన, "మంచిది తల్లీ, అలా నడిచొస్తాను," అని మాత్రమే అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని ఏజెంటు వైపు తిరిగింది. "మీ అల్మారా తీసుకెళ్ళిపోండి. ఆ చోటు మా బాబాయిది," అంది. అంత గర్వంగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం బాబాయి వచ్చేసరికి స్టూలు లేదు. దాని చోట మెత్త వేసిన కొత్త కుర్చీ ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. కూచోబోయి ఆగి, కుర్చీని తలకిందులు చేసి భూతద్దం తీశాడు.

"'అసలైన టేకు' అట! ఎవరు చూడొచ్చారు?"

"చదువు బాబాయ్, తీరిగ్గా చదువు," అంది అమ్మాయి, కౌంటరు ముందున్న వాళ్ళందరినీ కాసేపు ఆగమని సైగ చేస్తూ.