పడవలోంచి ఎవరిని తోసేద్దాం

డిపోలో ఆవిడ మాటకి తిరుగు లేదు. ఏ బస్సు ఎవరు తీయాలి, ఎవరికి పొద్దుటి డ్యూటీ, ఎవరికి సెలవు, అన్నీ ఆవిడే తేల్చేది. మీసాలు మెలేసే డ్రైవర్లు కూడా ఆవిడ కిటికీ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, ఇంట్లో వాళ్లకి ఒంట్లో బాలేదని నసిగేవాళ్లు. కళ్లజోడు పైనుంచి ఆవిడ ఒక్క చూపు చూస్తే సగంమంది ఇళ్లలో జబ్బులు అక్కడికక్కడే నయమైపోయేవి. అందరూ కంట్రోలర్ అని పిలిచేవాళ్లు. ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. డిపోలో అది హోదా, ఇంట్లో వెక్కిరింత. ఆ తేడా ఆవిడకి చాలా ఏళ్లు తెలియలేదు.

తల్లి పోయేనాటికి తమ్ముడూ చెల్లెలూ ఇంకా బడికెళ్తున్నారు. అప్పుడు పగ్గాలు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. తమ్ముడు ఏం చదవాలి, చెల్లెలు ఎవర్ని చేసుకోవాలి, వాళ్లిళ్లలో సోఫా ఏ గోడకి వెయ్యాలి, అన్నీ ఆవిడే చెప్పేది. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. తీరిక లేకపోయిందనేది. చెప్పినట్టు వినే మొగుడు దొరక్కపోయాడని తమ్ముడి భార్య చాటుగా అనేది.

ఆ ఏడాది అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామని ఆవిడే పట్టుబట్టింది. జనం ఉంటే గోల అని, సీజన్ అయిపోయాక, సరస్సు ఒడ్డున ఒక పెద్ద హోటల్లో గదులు తీసుకుంది. వెళ్లేసరికి హోటలంతా ఖాళీ. భోజనాల హాల్లో కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఈతకొలను మీద నీలం పట్టా కప్పేశారు, దాని మీద ఎండుటాకులూ వాన నీళ్లూ. పలకరించడానికి ఉన్నది ఒకే ఒక సర్వరు, అతనికీ నిద్రమొహమే.

రెండో రోజు పొద్దున్నే ఆవిడ అందరి తలుపులూ తట్టింది. టిఫినుకి రమ్మంది. తర్వాత ఒడ్డున నడుద్దామంది. సన్నగా ముసురు పట్టడంతో నడక తప్పిపోయి మిగతావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నం భోంచేసి, వరండాలో పేము కుర్చీల్లో కాళ్లు చాపుకుని కూలబడ్డారు. తమ్ముడు బొజ్జ మీద చేతులు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. మరదలు గోళ్లకి రంగేసుకుంటోంది. చెల్లెలు పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తోంది. చెల్లెలి మొగుడు, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి, గడియారాలు బాగుచేసే కొట్టు నడుపుతాడు, రెయిలింగు పక్కన కూర్చుని వాన చూస్తున్నాడు.

తమ్ముడి కూతురికి పదహారేళ్లు. ఫోనులో సిగ్నల్ లేక ప్రాణం విసిగిపోయి, ఒక ఆట ఆడదామంది. అందరం ఒక పడవలో ఉన్నాం, పడవ మునుగుతోంది, ఒకర్ని తోసేస్తేనే మిగతావాళ్లు బతుకుతారు, ఎవర్ని తోస్తారో ఎందుకో చెప్పాలి. తమ్ముడు కళ్లు తెరిచాడు. ఆట బాగుందన్నాడు.

పిల్లే మొదలుపెట్టింది. పెద్దత్తని తోసేస్తానంది. లేకపోతే పడవలో కూడా ఎవరెక్కడ కూర్చోవాలో చెప్తుందంది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. తమ్ముడి వంతు వచ్చింది. అక్కనే, అన్నాడు, అక్క ఎలాగూ మునగదు, నీళ్లనే పక్కకి జరగమంటుంది. ఈసారి నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. ఆవిడ నవ్వు మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది.

మరదలు గోళ్ల మీద ఊదుకుంటూ, తేనెపూసిన గొంతుతో చెప్పింది.

"ఏమనుకోకండి వదినా. మాకంటే మొగుళ్లున్నారు, సంసారాలున్నాయి. మీరు పోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా, అందుకని."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పనీ అనలేదు. ఆవిడ చెల్లెలి వైపు చూసింది. జడలు వేసి పెంచిన పిల్ల, తన పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. చెల్లెలు పుస్తకం మూసింది. ఆట అనిపించేలా కూడా చెప్పలేదు.

"అక్కనే. ఒక్కరోజైనా నన్నెవరూ లేపకుండా లేవాలని ఉంది నాకు."

ఆవిడ మొహంలో రక్తం లేదు. ఆట ఇక చాలనే మాట అప్పుడు ఎవరో ఒకరు అనాల్సింది. బదులుగా మేనకోడలు, చివరి ఓటు మావయ్యదేనంది.

చెల్లెలి మొగుడు ఇటు తిరిగాడు. మాటలు వెతుక్కున్నాడు.

"వదినగారు ఉండాలి. కావాలంటే నేను దిగిపోతాను."

అతనా మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆవిడకీ తెలుసు. కానీ అతని కళ్లలో జాలి కనబడింది. నలుగురూ తోసేసిన దానికంటే ఆ జాలే ఎక్కువ మండింది ఆవిడకి. తమ్ముణ్ని ఏదైనా అంటే రెండు అంటాడు. మరదలి నోటికి ఎదురు నిలవడం తన వల్ల కాదు. చెల్లెల్ని ఏమన్నా అంటే ఆ చెల్లెలు ఇంకేం బయటపెడుతుందోనని భయం. మిగిలింది ఇతనొక్కడే, ఏమన్నా పడతాడు.

అంతకు కొన్నేళ్ల ముందు అతనికి ఆపరేషన్ అయితే ఆసుపత్రిలో ఆవిడే తోడున్నది. చెల్లెలికి ఆసుపత్రి వాసన పడదు. మత్తు పూర్తిగా దిగని ఒక సాయంత్రం అతను ఆవిడకొక సంగతి చెప్పాడు. చిన్నప్పుడు అతని తమ్ముడు ఏటిలో మునిగిపోతుంటే తను ఒడ్డునే ఉన్నాడు. వాడు పేరు పెట్టి పిలుస్తున్నా కాళ్లు కదల్లేదు. ఇంట్లో మాత్రం తను వెళ్లేసరికే వాడు లేడని చెప్పాడు. తర్వాత ఎవరడిగినా, పెళ్లయ్యాక భార్య అడిగినా, తమ్ముడు జ్వరమొచ్చి పోయాడనేవాడు. ఆ రోజు ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, అప్పటికి మీరూ చిన్నవాళ్లే కదా అని ఓదార్చింది. ఎవరికీ చెప్పనంది.

ఇప్పుడు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, డిపో కిటికీలోంచి మాట్లాడినట్టే మాట్లాడింది.

"మీరు నీళ్లలోకి దిగుతారా మరిదిగారూ? సొంత తమ్ముడు మునుగుతూ పిలుస్తుంటేనే ఒడ్డున నిలబడి చూశారు. మీరే కదా చెప్పారు నాకు. ఇప్పుడు నాకోసం దిగుతారా?"

అతను ఆవిడకేసి అలాగే చూశాడు. కోపం రాలేదు. అర్థం కానట్టు చూశాడంతే.

చెల్లెలు మొగుడివైపు తిరిగింది. "జ్వరమన్నావుగా" అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్లూ తనకి చెప్పకుండా అక్కకి ఎందుకు చెప్పావని అడిగింది.

"చెబితే ఇలా చూస్తావని" అన్నాడు. "ఇదిగో, ఇప్పుడు చూస్తున్నావే, ఇలా."

అతను లేచి మెట్లు దిగి, ముసురులోనే పట్టా కప్పిన కొలను దాకా నడిచాడు. అక్కడ చాలాసేపు వీళ్లకి వీపుపెట్టి నిలబడ్డాడు. చెల్లెలు వెనకాల వెళ్లలేదు. అతను అబద్ధమాడాడన్న కోపమే ఆమెకి పెద్దదైపోయింది. మిగతావాళ్లు గొంతులు తగ్గించి అతని గురించే మాట్లాడుకున్నారు. అందుకేనా ఎప్పుడూ అలా ముడుచుకుని ఉంటాడని మరదలంది. మనిషన్నవాడు అలా ఎలా నిలబడతాడని తమ్ముడన్నాడు. అలా అన్నవాడు, ఈత కొట్టడం మాట అటుంచి, బొజ్జ తగ్గించుకోవడానికి కూడా ఏనాడూ కొలనులో దిగలేదు. ఆవిడ గురించి మాత్రం ఇంకెవరూ ఏమీ అనలేదు. తను పడవలోకి తిరిగొచ్చానని ఆవిడకి తెలిసింది.

రాత్రి భోజనాల దగ్గర అతను వచ్చి మామూలుగా కూర్చున్నాడు. రాకపోయి ఉంటే బాగుండేది. తమ్ముడు సూపు తాగుతూ, నీళ్ల జగ్గు ఇటు జరపమన్నాడు, "నీకసలే నీళ్లంటే పడదు కదా బావా" అని కలిపాడు. పిల్ల ఫక్కుమంది. మరదలు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు ప్లేట్లోంచి తలెత్తలేదు.

కంట్రోలర్ కూడా నవ్వింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నవ్వు దానంతటదే వచ్చింది. మేనకోడలు ఆవిడ భుజం మీద వాలి, రేపు నడక ఎన్నింటికి పెద్దత్తా అనడిగింది. తమ్ముడు అక్కకి ముందు వడ్డించమని సర్వరుకి చెప్పాడు. ఆవిడకి కడుపులో వెచ్చగా అనిపించింది. చెల్లెలి మొగుడు జగ్గు జరిపి, బావమరిది గ్లాసులో నీళ్లు తనే పోసి, తన కంచంలోది పూర్తిగా తిని లేచాడు.

మర్నాడు తెల్లారేసరికి అతను లేడు. మొదటి బస్సుకి వెళ్లిపోయాడని సర్వరు చెప్పాడు. చెల్లెలు సెలవులు అయ్యేదాకా ఉంది, ఆ తర్వాతే ఇంటికెళ్లింది. వాళ్లు విడిపోలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, అవసరమైనంత వరకు మాట్లాడుకుంటారు. ఆవిడ వస్తే అతనే కాఫీ కలిపి తెస్తాడు, వదినగారూ అనే పిలుస్తాడు, కప్పు బల్లమీద పెట్టి కొట్టుకి వెళ్లిపోతాడు. మరిదిగారికి వయసుతో మాట బొత్తిగా తగ్గిపోయిందని ఆవిడ అందరితో అంటుంది.

సెలవులు ఎలా గడిచాయని డిపోలో అడిగితే, అందరం కలిసి చాలా నవ్వుకున్నామని చెప్పింది. వచ్చే ఏడాది కూడా అదే హోటలంది.